సూది వెంట దారం

న్యూయార్క్ రాష్ట్రంలోని కింగ్స్ పార్క్ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో గ్రేస్ హెలెన్ కెంట్, ఆరన్ రోజానాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు వంద మామూలు మాటలు ఎంచుకున్నారు. బల్ల, చీకటి, సంగీతం, సూది, నిద్ర, దీపం, ఉప్పు, చందమామ. అన్నీ ఇలాంటివే. ఒక్కో మాటనూ పైకి చదివి, అది వినగానే తట్టిన మొదటి మాట చెప్పమన్నారు. మానసిక జబ్బులేవీ లేని వెయ్యిమందిని ఇలా అడిగి, వచ్చిన లక్ష జవాబులనూ పట్టికలుగా వేసి 1910లో అచ్చువేశారు.

ఆ పట్టికల్లో 'సూది' ఎదుట ఏముందో చూడండి. దారం అన్నవాళ్లు 160 మంది. పిన్ను అన్నవాళ్లు 158. పదును అన్నవాళ్లు 152. కుట్టడం, కుట్టుపని అన్నవాళ్లు కలిపి రెండు వందల పైచిలుకు. అంటే వెయ్యిమందిలో దాదాపు ఏడు వందల మంది ఈ అయిదు మాటల్లోనే ఉన్నారు. వాళ్లలో చాలామంది ఒకరికొకరు ముక్కూమొహం తెలియనివాళ్లు, వేర్వేరు ఇళ్లలో పెరిగినవాళ్లు, వేర్వేరు పనులు చేసుకు బతికేవాళ్లు. అయినా ఒక మాట చెవిన పడగానే వాళ్ల మనసులు వెళ్లి వాలే చోట్లు ఇంత దగ్గరగా ఉన్నాయి. భాష మనుషుల్ని కలుపుతుందని ఊరికే అంటూ ఉంటాం. ఆ ముడి ఎంత గట్టిదో ఇలా అంకెల్లో కనిపించినప్పుడు ఆశ్చర్యపోకుండా ఉండలేం.

తర్వాత అవే వంద మాటలతో 247 మంది మానసిక రోగులను అడిగారు. వాళ్లలో ఇప్పుడు మనం స్కిజోఫ్రెనియా అంటున్న జబ్బు ఉన్నవాళ్లున్నారు, వేరే జబ్బులవాళ్లూ ఉన్నారు. ఆ వెయ్యిమందిలో ఇంకెవరూ చెప్పని జవాబు వస్తే దాన్ని 'సొంత జవాబు'గా లెక్కవేశారు. ఆరోగ్యవంతుల్లో అలాంటివి నూటికి 6.8. రోగుల్లో 26.8. ఈ తేడానే నూరేళ్లకు పైగా అందరూ ఎత్తి చూపుతూ వచ్చారు. అదే పత్రంలో ఇంకో అంకె ఉంది, నా దృష్టిలో అది ఇంతకన్నా ముఖ్యం. రోగులు చెప్పిన జవాబుల్లో నూటికి 70 పైగా ఆ వెయ్యిమంది చెప్పినవే. మతి చెదిరిందని ఆసుపత్రిలో పెట్టిన మనిషి కూడా ఎక్కువసార్లు అందరూ చెప్పే మాటే చెప్పాడు. అర్థాల ప్రపంచం కూలిపోలేదు. అందులో నడిచే తీరులో ఏదో మారింది. ఆ మార్పు ఎక్కడ, ఎలా వచ్చిందని వెతకడమే అప్పటినుంచి జరుగుతున్న పరిశోధనల సారాంశం.

స్కిజోఫ్రెనియా అరుదైన జబ్బేమీ కాదు. ప్రపంచంలో సుమారు ప్రతి 300 మందిలో ఒకరికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో నూటికి 1.4 మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు స్కిజోఫ్రెనియా గానీ, ఆ కోవలోని జబ్బు గానీ అనుభవించినవాళ్లే. ఎక్కువగా పద్దెనిమిదికీ ముప్ఫైకీ మధ్య, చదువో ఉద్యోగమో పెళ్లో కుదురుకునే వయసులో మొదలవుతుంది. 'అపరిచితుడు' సినిమా చూసి, ఒకే మనిషిలో ఇద్దరు ముగ్గురు మనుషులు ఉండటమే ఈ జబ్బు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది పూర్తిగా వేరే సమస్య. చెవిలో గొంతులు వినిపించడం, ఎవరో వెంటాడుతున్నారనే అనుమానం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఈ జబ్బు లక్షణాలుగా చాలామందికి తెలుసు. మాట తీరులో వచ్చే మార్పు గురించి మాత్రం ఇంట్లోవాళ్లు "పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

ఆ పొంతన గురించి మొదట లోతుగా ఆలోచించినవాడు స్విట్జర్లాండ్ వైద్యుడు ఆయిగెన్ బ్లాయిలర్. జ్యూరిక్‌లోని బుర్గ్‌హోల్జ్‌లీ ఆసుపత్రికి అధిపతి కావడానికి ముందు ఆయన 1886 నుంచి 1898 దాకా రైన్ నది మధ్య దీవిలో ఉన్న రైనావ్ ఆశ్రమంలో రోగుల మధ్యే కాపురం ఉన్నాడు. అది మానసిక వైద్యశాలగా మార్చిన ఓ పాత మఠం. అక్కడ రోగులతో కలిసి పొలం పనులు చేశాడు, వాళ్లు చెప్పింది వింటూ కాగితాల మీద రాసుకున్నాడు. స్కిజోఫ్రెనియా అనే పేరు 1908లో ఆయన పెట్టిందే. 1911లో వెలువడిన పుస్తకంలో, ఈ జబ్బు మూలంలో ఉన్నది ఆలోచనకూ ఆలోచనకూ మధ్య ఉండాల్సిన ముడి సడలడం అని వాదించాడు. గొంతులు, అనుమానాలు పైపైన కనిపించేవేననీ, అసలు దెబ్బ ఆ ముడి మీదే పడుతుందనీ ఆయన నమ్మకం. ఆయన దగ్గరే పనిచేసిన యువ వైద్యుడు కార్ల్ యుంగ్ చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని, మాటకి మాట చెప్పించి, ఎంత సేపట్లో జవాబు వస్తోందో కొలిచాడు. మనసులోని దారులను గడియారంతో కొలవవచ్చన్న ఆలోచన అలా ఆసుపత్రి గదుల్లోకి వచ్చింది.

ముడి సడలితే మాట ఎలా ఉంటుంది? ఇక్కడ రాసేది ఏ రోగి మాటా కాదు, తీరు తెలియడానికి నేను అల్లినది. తల్లి కొడుకుని "టిఫిన్ తిన్నావా నాన్నా?" అని అడిగింది. "తిన్నానమ్మా. ఇడ్లీ తెల్లగా ఉంది. తెలుపంటే శాంతి. శాంతక్క వాళ్ల బారసాలకి మనం వెళ్లలేదు. బంగారం కొనాలిగా, బంగారం ధర ప్రభుత్వమే పెంచుతోంది, నా మీద కన్నేసింది కూడా వాళ్లే." తల్లికి గుండె గుభేలుమంటుంది. కానీ ఒక్కో అడుగూ విడిగా చూడండి. ఇడ్లీ నుంచి తెలుపు, తెలుపు నుంచి శాంతి, శాంతి నుంచి ఆ పేరున్న అక్క, ఆమె బిడ్డ బారసాల, బారసాలకి పెట్టే బంగారం, బంగారం ధర, ధర వెనక ప్రభుత్వం. ఏ రెండు మాటల మధ్యా ఖాళీ లేదు. ప్రతి అడుగుకీ ఓ కారణం ఉంది, మనకైనా తట్టగలిగిన కారణమే. మొదటి మాటకీ చివరి మాటకీ మధ్య మాత్రం తల్లి అడిగిన ప్రశ్న కనుమరుగైంది.

అమెరికన్ మనోవైద్యురాలు నాన్సీ ఆండ్రియాసెన్ 1979లో ఇలాంటి మాట తీరులను విడదీసి, ఒక్కోదానికీ నిర్వచనం రాసి, తీవ్రతను కొలిచే పద్ధతి తయారుచేసింది. పట్టాలు తప్పినట్టు విషయం నుంచి విషయానికి జారిపోవడం ఒకటి. అడిగినదాని పక్కగా జవాబు చెప్పి అక్కడికి తిరిగి రాకపోవడం ఒకటి. అర్థం వదిలేసి ప్రాస పట్టుకుని పోవడం, ఎవరికీ తెలియని కొత్త మాటలు పుట్టించడం ఇంకొన్ని. వీటికి పూర్తిగా ఎదురు తీరు కూడా ఉంది. మాట కరువైపోతుంది. ఎంత అడిగినా "ఊ", "లేదు", "ఏమో" తప్ప ఏమీ రాదు. ఇంట్లోవాళ్లకి పొంతన లేని మాటల కంటే ఈ మౌనమే ఎక్కువ కష్టంగా ఉంటుంది. పట్టాలు తప్పిన మాట స్కిజోఫ్రెనియాకే పరిమితం కాదనీ, ఉన్మాదం పైకెక్కిన దశలోనూ బాగా కనిపిస్తుందనీ ఆమె అప్పుడే చూపించింది. స్కిజోఫ్రెనియా ఉన్న అందరి మాటా ఇలా చెదరదు. చాలామంది మామూలుగానే మాట్లాడతారు.

ఇక్కడ జ్ఞాపకం గురించి కొంత చెప్పాలి. కెనడా మనోవిజ్ఞాని ఎండెల్ టుల్వింగ్ 1972లో జ్ఞాపకాన్ని రెండుగా విడదీశాడు. మొన్న పండక్కి ఎవరెవరు వచ్చారు, ఏ గదిలో కూర్చున్నారు అన్నది సంఘటన జ్ఞాపకం. పండగ అంటే ఏమిటి, అల్లుడంటే ఎవరు, కాకి నల్లగా ఉంటుంది, హైదరాబాదు ఓ నగరం అన్నది అర్థ జ్ఞాపకం. దీన్నే శాస్త్రజ్ఞులు సెమాంటిక్ మెమరీ అంటారు. కాకి నలుపని ఎప్పుడు, ఎవరి దగ్గర నేర్చుకున్నామో ఎవరికీ గుర్తుండదు, తెలిసిన సంగతి మాత్రం ఉంటుంది. ఈ తెలిసిన సంగతులన్నీ మనసులో నిఘంటువులో లాగా అక్షర క్రమంలో ఉండవు. దగ్గరి అర్థాలు దగ్గర దగ్గరగా, ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి. అలన్ కాలిన్స్, రాస్ క్విలియన్ 1969లో జనాలను "కెనరీ పిట్ట పాడుతుంది, నిజమేనా?", "కెనరీ పిట్టకి చర్మం ఉంటుంది, నిజమేనా?" అని అడిగితే మొదటి ప్రశ్నకి జవాబు త్వరగా వచ్చింది. పాట ఆ పిట్టకే అతుక్కుని ఉంది. చర్మం జంతువులన్నిటికీ ఉండేది కాబట్టి అక్కడిదాకా వెళ్లి రావాలి. కాలిన్స్, ఎలిజబెత్ లాఫ్టస్ 1975లో ఈ చిత్రాన్ని సరిదిద్దారు. ఒక మాట మేలుకుంటే దాని కదలిక చుట్టూ ఉన్న మాటలకీ పాకుతుందన్నారు.

కాలవ నీటితో పొలం తడిపే రైతును చూసినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. బోదెలోకి నీరు వదిలితే అది దారి ఉన్నంత మేరా పోతుంది. రైతు పలుగో పారో పట్టుకుని ఒక మడవ తెరుస్తాడు, ఇంకోటి మూస్తాడు. నీరు పోవడం ఎంత అవసరమో, సమయానికి మడవ కట్టడం అంతే అవసరం. మాట్లాడేటప్పుడు మన మెదడు నిరంతరం ఈ రెండు పనులూ చేస్తోంది. ఇడ్లీ అనగానే తెలుపు, ఆవిరి, చట్నీ, హోటలు అన్నీ కొంచెం కొంచెంగా తడుస్తాయి. అడిగింది టిఫిన్ గురించి కాబట్టి తెలుపు వైపు మడవ మూసుకుంటుంది. మనకి ఆ మూయడం తెలియనే తెలియదు.

ఈ పాకడాన్ని కొలవడానికి డేవిడ్ మేయర్, రోజర్ ష్వానెవెల్ట్ 1971లో ఓ తేలిక పద్ధతి కనిపెట్టారు. తెర మీద రెండు అక్షర వరుసలు చూపిస్తారు. రెండూ నిజమైన మాటలేనా, ఉత్త అక్షరాల కూర్పు ఉందా అన్నది మీట నొక్కి చెప్పాలి. నర్సు, వెన్న అన్న జంటకి జవాబు రావడానికి సగటున 940 మిల్లీసెకన్లు పట్టింది. రొట్టె, వెన్న అన్న జంటకి 855. అంటే సెకనులో పన్నెండో వంతు ముందుగా. రొట్టె వచ్చి వెన్నకి దారి చేసి పెట్టిందన్నమాట. దీన్నే ప్రైమింగ్ అంటారు. ఇందులో గొప్పతనం ఏమిటంటే, రోగిని "నీ ఆలోచనలు ఎలా ఉన్నాయి" అని అడగక్కర్లేదు. ఆయన చెప్పలేని సంగతిని ఆయన వేలే చెబుతుంది.

జర్మనీలో మాన్‌ఫ్రెడ్ ష్పిట్జర్, ఆయన సహచరులు 1993లో దీన్ని ఒక మెట్టు ముందుకు తీసుకెళ్లారు. నేరుగా చుట్టరికం ఉన్న మాటల బదులు, మధ్యలో ఇంకో మాట దాగి ఉన్న జంటలు వాడారు. ఇలాంటి ప్రయోగాల్లో తరచూ కనపడే ఉదాహరణ సింహం, చారలు. సింహానికి చారలు ఉండవు. కానీ సింహం అంటే పులి, పులి అంటే చారలు. మధ్యలో ఉన్న పులి తెర మీద కనపడదు. ఆరోగ్యవంతుల్లో సింహం చూశాక చారలు గుర్తుపట్టే వేగం పెద్దగా పెరగదు, పాకిన కదలిక రెండో ఇంటికి చేరేసరికి సన్నగిల్లిపోతుంది. ఆలోచనా క్రమం చెదిరిన స్కిజోఫ్రెనియా రోగుల్లో మాత్రం, రెండు మాటల మధ్య వ్యవధి సెకనులో అయిదో వంతు మాత్రమే ఉన్నప్పుడు కూడా, ఆ వేగం స్పష్టంగా పెరిగింది. కదలిక మామూలు కంటే దూరం పోతోంది, తొందరగానూ పోతోంది. బ్లాయిలర్ 1911లో ఊహించిన సడలిన ముడికి ఎనభై ఏళ్ల తర్వాత మిల్లీసెకన్లలో కొలత దొరికినట్టయింది.

ఆ బృందమే ఆరోగ్యవంతులకు సైలోసైబిన్ అనే భ్రాంతి కలిగించే పదార్థం ఇచ్చి చూస్తే ఈ పరోక్ష ప్రైమింగ్ పెరిగింది. 1996లో ఊడో కిష్కా బృందం ఆరోగ్యవంతులకు ఎల్‌డోపా ఇచ్చి చూసింది. ఇది మెదడులో డోపమైన్‌గా మారే మందు. ఈసారి పరోక్ష ప్రైమింగ్ తగ్గింది. స్కిజోఫ్రెనియాలో మెదడు లోతట్టు భాగాల్లో డోపమైన్ ఎక్కువ అవుతుందన్నది గట్టి ఆధారాలున్న సంగతి. దానికీ దీనికీ పొత్తు కుదరడం లేదే అనిపిస్తుంది. ముందరి మెదడులో అదే డోపమైన్ పని తక్కువగా ఉంటుందన్న సిద్ధాంతంతో చూస్తే కుదురుతుంది. మడవ కట్టే రైతు ఉండేది ఆ ముందరి మెదడులోనే. ఈ వివరణ నాకు నచ్చినా, ఇంత చక్కగా ఇమిడిపోయే కథల పట్ల కొంచెం జాగ్రత్తగానే ఉండాలి.

జాగ్రత్తకి కారణం ఉంది. 2008లో ఎడిత్ పొమరోల్-క్లోటెట్ బృందం అప్పటిదాకా వచ్చిన ప్రైమింగ్ ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కగట్టింది. రోగులందరినీ ఒక్క గుంపుగా తీసుకుంటే ప్రైమింగ్‌లో మామూలువాళ్లకీ వాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆలోచనా క్రమం చెదిరినవాళ్లను విడిగా తీస్తే పెరుగుదల కనిపించింది. అయితే రోగులు ఏ పనిలోనైనా కొంచెం నెమ్మదిగా స్పందిస్తారు. మొత్తం సమయం పెరిగినప్పుడు రెండు సమయాల మధ్య తేడా కూడా దానంతటదే పెరిగి కనపడుతుంది. ఆ పెరుగుదలలో కొంత ఈ నెమ్మదితనం వల్లే వచ్చిందేమో చూసుకోవాలని వాళ్లు హెచ్చరించారు. అందుకే "స్కిజోఫ్రెనియాలో అర్థాల అల్లిక వదులవుతుంది" అని గంపగుత్తగా రాసే మాటలు ఎక్కడ కనిపించినా, ఎవరిలో, ఏ దశలో, ఎలా కొలిచారు అని అడగాలి.

కదలిక పాకడం ఒక సగమైతే సందర్భాన్ని బట్టి ఏరుకోవడం రెండో సగం. ఇక్కడ లోరెన్, జీన్ చాప్‌మన్ దంపతులు 1960లలో చేసిన పని నాకు చాలా ఇష్టం. ఇంగ్లీషులో కలానికీ, పశువుల దొడ్డికీ ఒకటే మాట ఉంది. రైతు కొత్తగా పశువుల మంద కొన్నాడు, ఆయనకి కొత్తది ఒకటి కావలసి వచ్చింది అనే వాక్యంలో ఆ మాట పెట్టి, దాని అర్థం చెప్పమన్నారు. స్కిజోఫ్రెనియా రోగులు ఇతరుల కంటే ఎక్కువసార్లు కలం అనే అన్నారు. వాళ్ల జవాబు వింతది కాదు. ఆ మాటకి అందరికీ మొదట తట్టే అర్థం అదే. వాక్యం వచ్చి ఆ మొదటి అర్థాన్ని పక్కకి నెట్టాలి, ఆ నెట్టడం జరగలేదు. తెలుగులో కావాలంటే, "అన్నదమ్ములు విడిపోతే పెద్దవాడి పాలుగా మూడెకరాలు వచ్చాయి" అన్న వాక్యం తీసుకోండి. పాలు అనగానే తెల్లని పాలే ముందు కదులుతాయి. ఎకరాలు, అన్నదమ్ములు అన్న మాటలు కలిసి ఆ పాలను ఆపేసి వాటా అన్న అర్థాన్ని ముందుకు తెస్తాయి. ఆపడం జరగని మనసులో ఆ వాక్యం ఎంత గందరగోళంగా ఉంటుందో ఊహించండి. రోజంతా వినే వాక్యాల్లో ఇలాంటివి ఎన్నో ఉంటాయి.

తలకి ఎలక్ట్రోడ్లు అమర్చి ఇదే సంగతిని ఇంకా దగ్గరగా చూడవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మార్తా క్యూటస్, స్టీవెన్ హిలియర్డ్ 1980లో, వేడి రొట్టెకి సాక్సులు రాసుకున్నాడు అనే ధోరణి వాక్యాలు ఒక్కో మాట చొప్పున చూపించారు. అర్థం పొసగని మాట కనపడ్డ 400 మిల్లీసెకన్లకి మెదడు విద్యుత్ గీత ఒక్కసారి రుణ దిశకు వంగింది. దీనికి ఎన్400 అని పేరు పెట్టారు. ముందు మాటలు తర్వాతి మాటను ఎంతగా ఊహింపజేస్తే ఈ వంపు అంత చిన్నదవుతుంది. స్కిజోఫ్రెనియాలో చాలా ప్రయోగాల్లో తేలింది ఏమిటంటే, పొసిగే మాటకీ పొసగని మాటకీ మధ్య వంపులో ఉండాల్సిన తేడా తగ్గిపోతుంది. ముందు నడిచిన సందర్భం తర్వాత రాబోయే మాటకి సరిగ్గా దారి వేయడం లేదు. వాక్యం మొత్తం పట్టుకుని ఉంచాల్సిన పని జారిపోతుంటే, ఆ పక్కన ఒక్కో మాట చుట్టూ కదలిక మాత్రం విస్తరిస్తోంది. మన కల్పిత కుర్రాడి ఇడ్లీ బంగారం దాకా వెళ్లింది ఈ రెండూ కలిసినందువల్లే.

మరి తెలిసిన సంగతులు చెరిగిపోయాయా? ఈ ప్రశ్నకి పోలిక కోసం ఎలిజబెత్ వారింగ్టన్ 1975లో లండన్‌లో వర్ణించిన రోగులున్నారు. ఇప్పుడు సెమాంటిక్ డిమెన్షియా అంటున్న జబ్బు వాళ్లది. వాళ్లకి అర్థాలు నిజంగానే చెరిగిపోతాయి. ఒంటె బొమ్మ ఇవాళ గుర్తుపట్టలేకపోతే రేపూ పట్టలేరు. సూచన ఇచ్చినా ఉపయోగం ఉండదు. స్కిజోఫ్రెనియాలో చాలావరకు తీరు వేరు. ఇవాళ తప్పు చెప్పినది రేపు సరిగ్గా చెప్పవచ్చు. చిన్న ఆధారం అందిస్తే మాట దొరుకుతుంది. ఉన్నది పోలేదు, ఉన్నదాని దగ్గరికి వెళ్లే దారే నిలకడగా లేదు. అయితే 1992లో బ్రిటన్‌లో జరిగిన ఓ అధ్యయనంలో, "ఎలుకలకి పళ్లుంటాయి", "బల్లలు బట్టలు కట్టుకుంటాయి" లాంటి అమాయక వాక్యాలు నిజమా అబద్ధమా అని అడిగితే చాలాకాలంగా జబ్బుతో ఉన్నవాళ్లలో కొందరు గణనీయంగా తప్పులు చేశారు. అందువల్ల, దీర్ఘకాలం తీవ్రంగా ఉన్నవాళ్లలో కొంత నిల్వ కూడా దెబ్బతింటుందా అన్న వాదన పూర్తిగా ముగియలేదు.

డాక్టరు గదిలో ఇదంతా ఒక్క నిమిషం పరీక్షగా మారుతుంది. "ఒక నిమిషంలో మీకు తెలిసిన జంతువుల పేర్లన్నీ చెప్పండి" అంటారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి చెప్పేది విన్నారా? ఆవు, గేదె, ఎద్దు, మేక, గొర్రె. కొంచెం ఆగుతాడు. కుక్క, పిల్లి. మళ్లీ ఆగుతాడు. పులి, సింహం, ఏనుగు, జింక, దుప్పి. మనసు ముందు కొట్టంలోకి వెళ్లి, అక్కడ అయిపోయాక ఇంట్లోకి, తర్వాత అడవిలోకి వెళ్లింది. గుత్తులు గుత్తులుగా ఏరుకొచ్చింది. అదే మనిషిని ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమంటే అర్థాలతో పని లేదు. స్కిజోఫ్రెనియాలో రెండూ తగ్గుతాయి, కానీ అర్థాన్ని బట్టి ఏరుకునేదే ఎక్కువ తగ్గుతుందని పలు అధ్యయనాలను కలిపి చూసిన లెక్కల్లో తేలింది. అంకె కంటే వరుస ఎక్కువ చెబుతుంది. ఆవు తర్వాత సొరచేప, ఆ తర్వాత చీమ, మళ్లీ గేదె అన్నట్టుగా గుత్తులు విడిపోతాయి.

లండన్‌లో మాథ్యూ నూర్ బృందం 2023లో ఇలాంటి వరుసలనే తీసుకుని, స్కిజోఫ్రెనియా ఉన్న 26 మందినీ లేని 26 మందినీ పోల్చింది. మాటకీ మాటకీ మధ్య అర్థ దూరాన్ని కంప్యూటర్ భాషా నమూనాతో కొలిచింది. ఆరోగ్యవంతుల్లో తర్వాతి మాటను ముందు మాటతో ఉన్న దగ్గరితనం గట్టిగా నడిపించింది, రోగుల్లో ఆ పట్టు తగ్గింది. వాళ్లలోనే, విశ్రాంతిగా ఉన్నప్పుడు మెదడులో చిన్న చిన్న అలలుగా లేచే విద్యుత్ కదలికలను అయస్కాంత పరికరంతో కొలిచి, ఆ తగ్గుదలకీ ఈ అలలకీ సంబంధం చూపించింది. ఈ అలలు కొత్తగా నేర్చుకున్న సంగతులను పాత జ్ఞానంతో అల్లే సమయాల్లో లేచేవి. అర్థాల అల్లిక మాట్లాడేటప్పుడే కాదు, ఊరికే కూర్చున్నప్పుడు కూడా తయారవుతూ ఉంటుందేమో. నాకు ఈ పరిశోధనలో బాగా నచ్చిన భాగం ఇదే.

యంత్రం చేత మాటలను కొలిపించడం అంతకు ముందే మొదలైంది. బ్రీటా ఎల్వెవోగ్ బృందం 2007లో రోగుల మాటల్లో పొందికను కంప్యూటర్‌తో లెక్కగట్టింది. 2015లో గిల్లిండర్ బేడీ, గుయెర్మో చెక్కి తదితరులు, జబ్బు వచ్చే ముప్పు ఉన్న 34 మంది యువకుల సంభాషణలను విశ్లేషించి, తర్వాత జబ్బు బయటపడ్డ అయిదుగురినీ ముందే సరిగ్గా గుర్తించామన్నారు. వార్తాపత్రికలు ఎగిరి గంతేశాయి. అయిదుగురి మీద నిలబెట్టిన లెక్క ఎంత బలహీనమో చెప్పక్కర్లేదు. 2018లో ఇంకాస్త పెద్ద బృందాలతో చేసినప్పుడు కచ్చితత్వం 80 శాతం అటూఇటూగా వచ్చింది. అది కూడా మంచి ఫలితమే, కానీ ఒక కుర్రాడి మీద ముద్ర వేయడానికి సరిపోయేది కాదు.

ఈ కంప్యూటర్ కొలతలు తెలుగులోకి రావాలంటే నేరుగా తెచ్చుకుంటే కుదరదు. తెలుగులో కర్తను వదిలేసి మాట్లాడటం మామూలు. "వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు" అంటే ఎవరని ఎవరూ అడగరు. కర్త ఎక్కడుందో వెతికి పొందికను లెక్కవేసే యంత్రం మనవాళ్లందరినీ అనుమానిస్తుంది. ఒక్క క్రియకి పదుల కొద్దీ రూపాలున్న భాషలో, విడివిడి మాటలను లెక్కవేసే పద్ధతీ మార్చుకోవాలి. కర్నూలులో పశువుల కాపరి చెప్పే జంతువుల వరుసా, హైదరాబాదులో ఇంగ్లీషు మీడియం పిల్లవాడు చెప్పే వరుసా ఒక్కలా ఉండవు. రెండోవాడు సగం పేర్లు ఇంగ్లీషులో చెబుతాడు, గుత్తి డైనోసార్లతో మొదలవుతుంది. చదువు, ఊరు, వయసు, ఇంట్లో మాట్లాడే రెండు మూడు భాషలు, ఇవన్నీ లెక్కలోకి రాకుండా ఒక మనిషి మాట దారి తప్పిందని తేల్చడం అన్యాయం.

పొంతన లేని మాటల్లో కవిత్వం ఉందని మురిసేవాళ్లు కొందరున్నారు. కవి కూడా దూరపు మాటలను దగ్గరికి తెస్తాడు, నిజమే. కవి ఆ దూరాన్ని కోరి వెళ్తాడు, కావలసినప్పుడు తిరిగొస్తాడు, చెరిపేసి మళ్లీ రాస్తాడు. జబ్బు మధ్యలో ఉన్న మనిషికి ఆ తిరిగొచ్చే వీలు లేదు. తను చెప్పింది ఎదుటివాళ్లకి అందలేదని వాళ్ల మొహాల్లో చూస్తాడు, ఎందుకో తెలియదు. కొంతకాలానికి మాట్లాడటమే మానేస్తాడు. దాన్ని అందంగా వర్ణించడం ఆ మనిషి కష్టాన్ని పక్కన పెట్టడమే.

మందులు పట్టాలు తప్పే మాటను చాలామందిలో బాగా తగ్గిస్తాయి. జంతువుల పేర్లు ఏరుకోవడంలో ఉండే ఇబ్బంది అంతగా తగ్గదు, జబ్బు మొదలైన ఏళ్లలోనే ఉండి, తర్వాతా కొనసాగుతుంది. ఆ మనిషితో ఎలా మాట్లాడాలన్నది అందుకే పెద్ద సంగతి. ఒకసారికి ఒక ప్రశ్న. చిన్న వాక్యం. జవాబుకి సమయం. దారి తప్పినట్టనిపిస్తే వెక్కిరించకుండా, గదమాయించకుండా, "నువ్వు టిఫిన్ గురించి చెబుతున్నావు కదా" అని మొదటి మాటను మెల్లగా చేతికందించడం. నానుడులు, ద్వంద్వార్థాలు, చమత్కారాలు జబ్బు తీవ్రంగా ఉన్న రోజుల్లో పక్కన పెట్టడం. చాప్‌మన్‌లు చూపించింది నిజమైతే, అలాంటి మాటల్లో మొదటి అర్థమే ఆ మనిషి చెవిలో గట్టిగా మోగుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఇంట్లోవాళ్లు "పిచ్చిపిచ్చిగా మాట్లాడుతున్నాడు సార్" అంటారు. ఆ వాక్యం డాక్టరుకి దాదాపు ఏమీ చెప్పదు. మానసిక వైద్యులు కేస్ షీట్‌లో రోగి మాట నమూనాను ఉన్నదున్నట్టు, తప్పులు దిద్దకుండా, ఆ యాసలోనే రాసుకుంటారు. బ్లాయిలర్ రైనావ్‌లో చేసింది కూడా అదే. మీరు అడిగిన ప్రశ్న ఏమిటి, ఆయన మొదట ఏమన్నాడు, ఆ తర్వాత ఏ మాట నుంచి ఏ మాటకి వెళ్లాడు, ఇది ఎన్ని వారాలుగా ఉంది, రాత్రి నిద్ర ఎలా ఉంది అన్నవి ఓ కాగితం మీద వరుసగా రాసుకుని వెళ్లండి. ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియకపోతే టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు. మొదటి చికిత్స ఆలస్యమైన కొద్దీ కోలుకోవడం కష్టమవుతుందని చాలా దేశాల అధ్యయనాలు చూపించాయి కాబట్టి, తగ్గిపోతుందిలే అని నెలల తరబడి ఎదురుచూడవద్దు. దిష్టి తీయించాక వెళ్దామనుకుంటే, రెండూ ఒకే వారంలో పెట్టుకోండి.